పాత డీజిల్ కారుకు కొత్త ఊపిరి – మూడో పాఠం: కారు పేరు చెప్పి సామాను అడగొద్దు

పోయిన వారం ఇంజన్ విప్పి, బోల్టులు సంచుల్లో వేసి, సంచికో చీటీ కట్టుకున్నాం. చీటీలు రాయకుండా "గుర్తుంటుందిలే" అనుకున్నవాళ్లు ఈ పాఠం ఇక్కడే ఆపి ముందు ఆ పని చేయండి. ఈ వారం సామాను సంగతి. జేబులో డబ్బులు పెట్టుకుని బజారుకు పోయే ముందు ఏం రాసుకుని పోవాలన్నదే దీంట్లో అసలు పాఠం.

నా బండి 1991 అంబాసిడర్ నోవా డీజిల్. మొదటిసారి పిస్టన్ రింగుల కోసం వరంగల్‌లో ఒక షాపుకు పోయి, "అన్నా, అంబాసిడర్ 1500 రింగ్ సెట్ ఉన్నదా?" అని అడిగాను. ఆయన లోపలికి పోయి, డబ్బా మీది దుమ్ము దులిపి చేతిలో పెట్టాడు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, సైజు చూస్తే సరిగ్గా అదే. సంబరంగా ఇంటికి తెచ్చి పాత పిస్టన్ గాడిలో పెడితే కూర్చోదు. పెట్రోల్ బండి రింగులవి.

తప్పు షాపాయనది కాదు, నాది. ఆ కాలపు అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ, డీజిల్ ఇంజనూ 1489 సీసీయే. రెండూ బ్రిటన్ కార్ల కంపెనీ బీఎంసీ చేసిన బి-సిరీస్ ఇంజన్ల కుటుంబానివే. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 88.9. లెక్కలన్నీ కవల పిల్లల్లా ఒకటే, లోపలి సంగతి వేరు. డీజిల్‌లో కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే లెక్క, 23కు ఒకటి, అంటే పెట్రోల్ ఇంజన్‌కు దాదాపు మూడింతలు. అందుకే పిస్టన్, రింగులు, హెడ్ గ్యాస్కెట్ ఏవీ కలవవు. "1500" అన్న మాటకు బజారులో రెండు అర్థాలున్నాయని నాకు అప్పుడు తెలియదు.

అంబాసిడర్ ఒక్కటే కాదు, భూపాలపల్లి, గోదావరిఖని వైపు ఇప్పటికీ తిరిగే మహీంద్రా జీపులదీ ఇదే గోల. కొన్నింట్లో ప్యుజో ఇంజన్, కొన్నింట్లో ఎండీఐ అనే మహీంద్రా ఇంజన్. "జీపు నాజిల్" (డీజిల్ చిమ్మే మూతి) అని అడిగితే ఏది ఇవ్వాలి? ప్యుజోలో డీజిల్ ముందు హెడ్‌లోని చిన్న గదిలో మండుతుంది, దానికి డీఎన్ అని మొదలయ్యే నాజిల్. ఎండీఐలో నేరుగా పిస్టన్ మీదే చిమ్ముతుంది, దానికి డీఎల్‌ఎల్‌ఏ రకం. నాజిల్ ఒంటి మీద ఆ అక్షరాలు సన్నగా చెక్కి ఉంటాయి. కిరోసిన్‌తో కడిగి, భూతద్దం పెట్టి చూడండి.

ఇప్పుడు నోటుబుక్కు తీయండి. మొదటి పేజీలో ఇంజన్ నంబరు. ఆర్సీలో ఉన్నది, బ్లాకు మీద కొట్టి ఉన్నది, రెండూ చూసి రాయండి. ముప్పై ఏళ్ల బండిలో ఇంజనే మారిపోయి ఉండొచ్చు. అలా మారి ఉంటే సామాను తర్వాత, ముందు ఆర్టీఏ పని చూసుకోవాలి.

తర్వాత ఒక్కో భాగం మీది నంబరు. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. పోతపోసిన ఇనుము మీద ఉబ్బెత్తుగా కనిపించేది అచ్చు నంబరు. ఒకే అచ్చులో పోసిన ముక్కను రెండు రకాలుగా చెక్కి రెండు బండ్లకు వాడతారు. కాబట్టి దాన్ని నమ్ముకుని ఆర్డర్ ఇవ్వొద్దు. లోపలికి కొట్టినదో, చెక్కినదో, రేకు మీద రాసినదో అదీ పనికొచ్చే నంబరు. రెండూ రాసుకోండి, పక్కన ఏది ఏదో గుర్తు పెట్టుకోండి.

ఆ తర్వాత సైజు. పాత ఇంజన్ ఎప్పుడో ఒకసారి బోరింగ్ అయ్యే ఉంటుంది, అంటే అరిగిన సిలిండర్‌ను కోసి కొంచెం వెడల్పు చేసి ఉంటారు. పిస్టన్ నెత్తి మీది మసి మెల్లగా గీకితే ఎస్‌టీడీ (స్టాండర్డ్, అంటే మొదటి సైజు) అనో, 020 అనో కనిపిస్తుంది. 020 అంటే ఇంచులో వెయ్యికి ఇరవై వంతులు, అంటే సుమారు అర మిల్లీమీటరు పెద్దది. మేస్త్రీలు "ట్వంటీ సైజు" అనేది దీన్నే. క్రాంక్ బేరింగులకు లెక్క తిరగబడుతుంది. అక్కడ క్రాంక్ అరిగిన కొద్దీ సానపట్టి సన్నం చేస్తారు కాబట్టి 020 అంటే అంత తక్కువ. ఆ అంకె బేరింగు వీపు మీద ఉంటుంది. ముందు కొలత, తర్వాత బోరింగ్ షాపాయన మాట, ఆ తర్వాతే పిస్టన్ కొనడం. సామాను దొరికింది కదా అని ముందే కొన్న పిస్టన్లు నా అటకమీద ఒక సెట్టు ఉన్నాయి.

డీజిల్ పంపు రేకుకు ఫోటో తీసిపెట్టుకోండి, రంగు వేయకముందే. దాని మీది పూర్తి నంబరు ఉంటే పంపు షాపువాళ్లు ప్లంజర్, డెలివరీ వాల్వు లాంటి లోపలి భాగాలన్నీ అదే వరసలో తెప్పిస్తారు. కొత్త పంపు కోసం తిరగడం దండగ. పాతదాని ఒళ్లు బాగుంటే లోపలి సామాను మార్చి కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేయిస్తే చాలు.

ఇక "ఒరిజినల్" అంటే ఏమిటి? కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. కంపెనీ డబ్బాలో ఉన్న సామాను ఇప్పుడు దొరికితే అది పాత నిల్వే, మనవాళ్లు డెడ్ స్టాక్ అంటారు. దానికోసమే పంతం పట్టనక్కర్లేదు. కారు కంపెనీ పంపులు, సెల్ఫ్ మోటార్లు తానే చేసుకోలేదు, వేరేవాళ్ల దగ్గర కొన్నది. ఆ తయారీదారు సొంత డబ్బాలో వచ్చేదీ నా లెక్కలో ఒరిజినలే, ధరా కొంచెం తక్కువ. డబ్బా మాత్రం జాగ్రత్తగా చదవండి. డీజిల్ పంపులు, నాజిళ్లు చేసే మైకో కంపెనీ 2008లో బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. పైన పాత మైకో పేరొక్కటే ఉండి, కింద ప్యాకింగ్ నెల, సంవత్సరం 2015 అని ఉంటే ఆ డబ్బా అక్కడే పెట్టి రండి.

డెడ్ స్టాక్‌లో ఇనుము, ఇత్తడి కళ్లు మూసుకుని కొనండి. తుప్పు లేకుంటే చాలు. రబ్బరు మాత్రం వద్దు. బ్రేక్ కిట్లు, ఆయిల్ సీళ్లు, హోసులు ఇరవై ఏళ్లు అరలో ఉంటే గట్టిపడి పగుళ్లిస్తాయి. ఒరిజినల్ డబ్బా చూసి మురిసిపోయి బ్రేకుల దగ్గర టెన్షన్ కొనితెచ్చుకోకండి. ఈ ఒక్కచోట కొత్తగా చేసిన లోకల్ కిట్టే మేలు.

వెతకడం మన ఆటోనగర్ నుంచే మొదలుపెట్టండి. పాత సామాను కుప్పల్లో తలుపు పిడులు, బీడింగులు, మీటర్లు దొరుకుతాయి. ఇంజన్ సామానుకు కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ పోవడం మంచిది. అక్కడా లేకుంటే విజయవాడ ఆటోనగర్, ఆ తర్వాత కలకత్తా మల్లిక్ బజార్. అంబాసిడర్ పుట్టింది ఆ పక్కనే కదా. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కారు పేరు చివర చెప్పండి. ముందు నంబరు, సైజు, ఫోటో. మీ దగ్గర నంబరు ఉందని తెలిస్తే సేటు మాట తీరే మారుతుంది.

ఒక విచిత్రం. ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే సన్నటి పడవల్లో ఈ బీఎంసీ 1.5 డీజిల్ ఇప్పటికీ నడుస్తోంది. గ్యాస్కెట్ల లాంటివి అక్కడా అమ్ముతారు. కానీ కొరియర్, కస్టమ్స్ కలిపితే గుండె గుభేలుమంటుంది, ఇక్కడ అన్ని దారులూ మూసుకుపోతేనే అటు చూడండి.

ఈ వారం మీ పని: పంపు, నాజిళ్లు, పిస్టన్లు, క్రాంక్ బేరింగులు, సెల్ఫ్ మోటారు. ఈ ఐదింటి నంబర్లు నోటుబుక్కులో ఎక్కాలి. ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు. వచ్చే పాఠంలో ఆ పుస్తకం పట్టుకుని బోరింగ్ షాపుకు పోదాం.