ఒంటిమిట్ట పోయేవాళ్లకు ఒక మాట

కడప నుంచి తిరుపతి రోడ్డులో 25 కిలోమీటర్లే కదా అని ఒంటిమిట్టకు మిట్టమధ్యాహ్నం బయల్దేరొద్దు, మన ఎండలకి గుడి బండలు కాలిపోతా ఉంటాయి, చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేరు. పొద్దున్నే పోండి. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు, పక్కన ఆంజనేయస్వామి ఉండడు, గమనించండి. దర్శనం అయిందని వెంటనే కారెక్కేయకుండా మండపం స్తంభాలు ఒక్కొక్కటీ నింపాదిగా చూడండి, 1652లో వచ్చిన ఫ్రెంచ్ యాత్రికుడు టావెర్నియర్ కూడా ఈ గుడిని తెగ మెచ్చుకున్నాడు. తర్వాత చెరువు దగ్గరికి పోతే కొండలు బలే కనిపిస్తాయి, నీళ్లు మాత్రం వానల్ని బట్టే. టైముంటే పెన్న ఒడ్డున సిద్దవటం కోట కూడా దగ్గరే, వాటర్ బాటిల్ మాత్రం మర్చిపోవద్దు.