బండి లైసెన్సుకు ఇంట్లోనే సిద్ధమవుదాం – నాలుగో పాఠం: ముందు చూపు, తర్వాత ఎనిమిది

కిందటి పాఠంలో ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు) చేతికొచ్చాక బండికి ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ బోర్డు పెట్టుకున్నాం. చదును నేల మీద హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగమే వదిలి, నిదానంగా నడపడం వరకు వచ్చాం. పక్కన మనిషి నడిచినంత వేగంలో, కాలు దించకుండా ఓ యాభై అడుగులు వెళ్ళగలుగుతుంటే ఈ పాఠంలోకి రండి. ఇంకా తూలుతుంటే నాలుగు రోజులు అదే చెయ్యండి. తొందరేం లేదు. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది, అది వచ్చిన 30 రోజుల తర్వాతే పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్ళగలం. ఆ నెల రోజుల్లో ఒక వారం మాత్రం మీ కళ్ళ కోసం కేటాయించండి.

దరఖాస్తుతో పాటు ఫారం 1 అని ఒకటి ఉంటుంది. ఆరోగ్యం గురించి మన గురించి మనమే రాసిచ్చే హామీ అది. మూర్ఛ వస్తుందా, చేతులూ కాళ్ళూ బాగా ఆడుతున్నాయా, హారన్ వినపడుతుందా అని వరసగా అడుగుతుంది. అందులో కళ్ళ గురించి కూడా ప్రశ్నలున్నాయి. మంచి పగటి వెలుతురులో, కళ్ళజోడు ఉంటే పెట్టుకునే, 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటును ఒక్కో కంటితో గుర్తుపట్టగలరా? రేచీకటి ఉందా?

40 ఏళ్ళు దాటినవాళ్ళు, లారీ, ఆటో లాంటివి నడిపేవాళ్ళు డాక్టరు దగ్గర ఫారం 1ఎ రాయించుకోవాలి. సొంత బండి కోసం లైసెన్సు తీసుకునే కుర్రవాళ్ళకు, ఆడపిల్లలకు అది అక్కర్లేదు. వాళ్ళు చేసేదల్లా ఒక టిక్కు, ఒక సంతకం. అంటే ఈ పరీక్ష మనకు మనం పెట్టుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. పెట్టుకోకుండా టిక్కు పెట్టొద్దని ఇంతగా ఎందుకు చెబుతున్నానో ఒక సంగతి చెప్తాను.

మా మేనకోడలికి 19 ఏళ్ళు, రోజూ శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల వెళ్ళి చదువుకుంటోంది. బండి నేర్పమని అడిగితే మొదటి రోజు తాళం చేతికివ్వలేదు. ఆర్ట్స్ కాలేజీ మైదానం బయట ఆగి ఉన్న ఒక తెల్ల కారు వెనక నుంచి టేపుతో 25 మీటర్లు కొలిచి అక్కడ నిలబెట్టాను. రెండు కళ్ళతో గడగడా చదివేసింది. ఎడమ కన్ను మూసుకున్నా చదివింది. కుడి కన్ను మూసుకోగానే ఆగిపోయింది. "మావయ్యా, ఏపీ ముప్పై తొమ్మిది... తర్వాతవన్నీ అలికేసినట్టున్నాయి" అంది. నిజానికి ఆ ముప్పై తొమ్మిది కూడా ఇందాక చదివిన గుర్తుతో చెప్పిందే, కనపడి కాదు.

కంటి డాక్టరు చూసి ఎడమ కంటికి మైనస్ 2.25 పవరు రాశారు. బడిలో ఉన్నప్పటి నుంచే ఉండి ఉంటుందన్నారు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే బాగున్న కన్ను పని నడిపించేస్తుంది, రెండోది వెనకబడిందని మనకు తెలియదు. అందరికీ ఇలాగే కనపడుతుందనుకున్నానని ఆ పిల్ల అంటే నా గుండె కలుక్కుమంది. పదేళ్ళు కళ్ళెదుట తిరిగిన పిల్ల, మాలో ఒక్కరమూ ఆ కన్ను మూసి చూడలేదు. ఫారంలో ‘ఒక్కో కంటితో’ అన్న మాట అందుకే ఉంది. దాన్ని దాటేయకండి.

ఇప్పుడు మీ పరీక్ష. పొద్దున ఎనిమిది తర్వాత, సూర్యుడు మీ వెనక ఉండేలా నిలబడండి. ఎదురెండలో ప్లేటు మెరిసి మంచి కన్ను కూడా తప్పుతుంది. టేపు లేకపోతే అడుగులతో కొలవొచ్చు. మామూలు మనిషి అంగ ముప్పావు మీటరు వేసుకుంటే 33 అంగలు, కొంచెం పొడగరి అయితే 31. పక్కన పూర్తి కొలతతో క్రికెట్ పిచ్ ఉంటే ఇంకా సులువు: అది 20 మీటర్ల పైచిలుకు, దానికి ఆరు అంగలు కలపండి. ఒక కన్ను అరచేత్తో కప్పుకోండి. వేళ్ళతో నొక్కితే తీశాక కాసేపు ఆ కన్ను మసకగా ఉంటుంది, అందుకని అరచెయ్యి గిన్నెలా పెట్టాలి. రెండో కంటికి మరో కారు చూసుకోండి, లేకపోతే మా పిల్లలాగే గుర్తుతో చదివేస్తారు. మీరు చదివింది పక్కన ఒకరు రాసుకుని దగ్గరికెళ్ళి సరిచూడాలి. ‘బి’ని 8గా, సున్నాని ‘డి’గా, 3ని 8గా చదివితే అది తప్పు కిందే లెక్క. కళ్ళు చికిలించి చదివినా తప్పే. రోడ్డు మీద రోజంతా చికిలించుకుని నడపలేం కదా.

బయట వీలుకాని వానాకాలంలో ఇంట్లోనూ చెయ్యొచ్చు. కారు ప్లేటు మీద అక్షరాల ఎత్తు 65 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. 25 మీటర్ల దూరంలో 65 మిల్లీమీటర్లు కంటికి ఎంత కనపడుతుందో, 6 మీటర్లలో ఒకటిన్నర సెంటీమీటర్ల అక్షరం దాదాపు అంతే కనపడుతుంది. తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో ఆ ఎత్తులో ఆరేడు అక్షరాలూ అంకెలూ వేరే వాళ్ళ చేత రాయించండి. మంచి వెలుతురున్న గోడకు అంటించి, 6 మీటర్లు వెనక్కొచ్చి ఒక్కో కంటితో చదవండి. కంటి ఆసుపత్రి చార్టులో 6/12 అని రాసే వరసకు ఇది చాలా దగ్గర. ఆరోగ్యమైన కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని మీరు 6 మీటర్ల నుంచి చదవగలిగారని దాని అర్థం.

25 మీటర్లంటే ఎక్కువ దూరమనిపించొచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఆ దూరాన్ని రెండుంపావు సెకన్లలో మింగేస్తుంది. హైవే మీద 60లో వెళ్తే ఒకటిన్నర సెకను. రోడ్డు మీదికొచ్చిన గేదెను చూడడం, బ్రేకు మీద కాలు వెయ్యడం, బండి ఆగడం అన్నీ ఆ కాస్తలోనే జరగాలి. కళ్ళు బాగుండాలని అరసవల్లి ఆదిత్యుడికి మొక్కుకునే ఊరు మాది. ఆ మొక్కుతో పాటు ఈ పది నిమిషాల పరీక్ష కూడా చేసుకోమని బండి అడిగిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ చెబుతాను.

రంగుల సంగతి క్లుప్తంగా. ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోయినట్టు కనిపించేవాళ్ళు మగపిల్లల్లో ఎక్కువ. చాలామందికి ఆ సంగతే తెలియదు. పండు మిరపకాయలూ పచ్చిమిరపకాయలూ కలిపి పళ్ళెంలో పోసి, దూరం నుంచి గబగబా వేరు చెయ్యమనండి, తడబడితే అనుమానించాలి. డాక్టరు చుక్కల బొమ్మల పుస్తకం చూపించి తేలుస్తారు. భయపడి దాచుకోకండి. లోపం కొద్దిగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్ళకు లైసెన్సు ఇవ్వొచ్చని 2020లో నిబంధన మార్చారు. తీవ్రంగా ఉంటేనే ఇవ్వరు.

రేచీకటిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మునిమాపు వేళ గుమ్మం తగలడం, సినిమా హాల్లోకి వెళ్తే అందరికంటే ఎక్కువసేపు ఏమీ కనపడకపోవడం దాని గుర్తులు. ఎ విటమిన్ తక్కువై వస్తే నయం చెయ్యొచ్చు. వంశంలో వచ్చే రెటీనా జబ్బు అయితే పక్కచూపు కూడా మెల్లగా తగ్గిపోతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో ఇది మరింత కనపడుతుంది కాబట్టి మన వైపు అడిగి తెలుసుకోవడం అవసరం. పక్కచూపు మీరే చూసుకోవచ్చు. నేరుగా గోడ మీద ఒక చుక్కను చూస్తూ రెండు చేతులూ పక్కలకు బారచాపి వేళ్ళు ఆడించండి. చూపు కదపకుండా రెండు వైపులా ఆ కదలిక తెలియాలి. ఒక వైపు తెలియకపోతే బండి పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరకు.

కళ్ళజోడు వచ్చినవాళ్ళకు ఒక మాట. హెల్మెట్ ముందు పెట్టుకుని, ఆ తర్వాత కళ్ళజోడు కాడలను తిన్నగా లోపలికి తొయ్యండి. ముందే పెట్టుకుంటే హెల్మెట్ దిగేటప్పుడు కాడలు వంగి అద్దాలు ఓరగా నిలుస్తాయి. హెల్మెట్ అద్దం మీద గీతలు పడితే మార్చెయ్యండి, రాత్రి ఎదురు లైటు ఆ గీతల మీద పడి చిమ్మి రోడ్డును కమ్మేస్తుంది.

ఇక ఎనిమిది, అంటే లైసెన్సు పరీక్షలో కాలు దించకుండా 8 అంకె ఆకారంలో బండి తిప్పడం.

పరీక్ష పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు ఎయిట్ వెయ్యమనగానే చాలామంది టెన్షన్ పడి ముందు చక్రాన్ని చూస్తారు. తప్పంతా అక్కడే పుడుతుంది. తల కిందికి దిగితే భుజాలు బిగుసుకుంటాయి, భుజాలు బిగిస్తే హ్యాండిల్ తిరగదు. వంపు అయిపోయాక గాని వంపు వచ్చిందని తెలియదు. అప్పుడు బ్రేకు నొక్కుతారు, బండి లోపలికి పడుతుంది, కాలు దించుతారు. ఎటు చూస్తే తల అటు, తల వెనక భుజం, భుజం వెనక హ్యాండిల్. ఎనిమిదిని తిప్పేది కళ్ళే, అందుకే రెండిటినీ ఒకే పాఠంలో పెట్టాను.

ముగ్గుపిండి ఒక డబ్బా, రెండు మేకులు, 4 మీటర్ల తాడు తెచ్చుకోండి. మేకులు 8 మీటర్ల ఎడంలో పాతండి. తాడు ఒక కొస మేకుకు కట్టి, రెండో కొస పట్టుకుని ముగ్గు పోస్తూ చుట్టూ తిరగండి. రెండో మేకు చుట్టూ అలాగే. రెండు చుట్లు మధ్యలో ఒకదాన్నొకటి తాకుతాయి, అదే మీ ఎనిమిది. మేకులు పీకెయ్యండి, దారిలో రాళ్ళూ ఇటుకలూ గుర్తులుగా పెట్టొద్దు. గీతకు రెండడుగులు బయటగా, ఒక్కో చుట్టు కొసన ఒక్కో కొబ్బరి డొక్క పెట్టండి. ఉద్దానం నుంచి వచ్చే కాయల డొక్కలు మా పెరట్లో ఎప్పుడూ ఉంటాయి, మీ దగ్గర లేకపోతే పాత చెప్పులు సరిపోతాయి. అవి మీ చూపు ఆనాల్సిన చోట్లు.

మొదట బండి లేకుండా నడవండి. మధ్యలో దాటుతుండగానే తల తిప్పి ఎదుటి చుట్టు కొసనున్న డొక్కను చూడాలి, దాన్ని చేరకముందే చూపు మళ్ళీ మధ్యకు రావాలి. నడకలో అలవాటైతే బండి మీద మెడ దానంతటదే తిరుగుతుంది. ఇప్పుడు బండెక్కి మొదటి గేరు, హాఫ్ క్లచ్, యాక్సిలరేటర్ కొంచెంగా ఒకే తీరున, కుడి కాలితో వెనక బ్రేకు ఆనీ ఆననట్టు. ముందు బ్రేకు మీద నుంచి వేళ్ళు పూర్తిగా తీసెయ్యండి. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పడితే బండి అక్కడికక్కడే ఒరుగుతుంది. ఒరుగుతోందనిపిస్తే క్లచ్ కాస్త వదలండి, చక్రం లాగితే బండి నిలబడుతుంది. మామూలుగా కాళ్ళు చేసే పని అప్పుడు ఇంజను చేస్తుంది.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఎడమ చుట్టు తొందరగా వచ్చింది, కుడి చుట్టు మొండికేసింది. కుడికి తిప్పినప్పుడు యాక్సిలరేటర్ పట్టుకున్న చెయ్యి ఒంటికి దగ్గరగా మడత పడి, తెలియకుండానే పిడి తిరిగిపోతుంది. మోచెయ్యి కొంచెం బయటికి పెట్టుకుంటే ఆ ఇబ్బంది పోతుంది.

చూపు కిందికి జారకుండా ఒక ఉపాయం ఉంది. మా మేనకోడలి తమ్ముణ్ణి గీతకు బాగా దూరంగా నిలబెట్టి, ఆమె తనవైపు తిరిగినప్పుడల్లా చేతివేళ్ళు చూపించమన్నాను. ఎన్ని వేళ్ళో ఆమె గట్టిగా చెప్పాలి. మొదటి రోజు "మూడు" అని అరిచి గీత దాటేసింది, "రెండు" అని అరిచి కాలు దించింది. పక్కన గేదెలు తోలుకెళ్తున్న తాత ఆగి చూసి, "సెక్రం ఏపు సూడకమ్మా, ఎల్లే ఏపు సూడు" అన్నాడు. ఆయన బండి ఎక్కినవాడో కాదో తెలియదు గాని నేను వారం రోజులుగా చెబుతున్నది ఒక్క ముక్కలో చెప్పాడు. నాలుగో రోజుకు ఆ పిల్ల వేళ్ళు లెక్కపెడుతూ మూడు ఎనిమిదులు వరసగా తిప్పింది, ముగ్గు చెరగలేదు. కొత్త కళ్ళజోడుతో.

4 మీటర్ల తాడుతో పది ఎనిమిదులు తప్పు లేకుండా వచ్చాకే తాడు 3 మీటర్లకు కుదించండి, మేకుల ఎడం 6 మీటర్లు. పరీక్ష చోట గీత ఎంత ఇరుగ్గా ఉన్నా దిగులుండదు. ఒకవేళ ఆ రోజు కాలు దిగినా కుంగిపోవద్దు, 7 రోజులు గడిచాక మళ్ళీ వెళ్ళొచ్చు. మూడుసార్లూ కుదరకపోతే మాత్రం 60 రోజులు ఆగాలి.

వచ్చే పాఠంలో చేతి సంకేతాలు, అద్దాలు చూసుకోవడం, పరీక్ష రోజు వెంట ఉండాల్సిన కాగితాలు. అప్పటికి ఒక నోటుపుస్తకంలో ఇవి రాసి ఉంచండి: కుడి కంటితో చదివిన నంబరు, ఎడమ కంటితో చదివిన నంబరు, పక్కనే కారు మీద ఉన్న అసలు నంబర్లు. వాటి కింద రోజుకెన్ని ఎనిమిదులు తిప్పారు, ఎన్నిసార్లు కాలు దిగింది, ఏ చుట్టులో దిగింది. మీతో పాటు ఇంట్లో బండి నడిపే నాన్నకు, అన్నకు, అక్కకు కూడా ఆ 25 మీటర్ల దగ్గర ఒక్కో కన్ను మూయించి చదివించండి.