మూడో వరుసలో మీరే కూర్చుని చూడండి
చిన్న క్రాసోవర్ (కారు తరహాలోనే కట్టిన, ఐదుగురు పట్టే కాస్త ఎత్తైన బండి) కొనాలా, మూడు వరుసల పెద్ద ఎస్‌యూవీ కొనాలా అని తేల్చుకోలేకపోతున్నవారు ముందుగా, గడిచిన ఏడాదిలో ఐదుగురికి మించి ఒకే బండిలో ఎన్నిసార్లు ప్రయాణించారో లెక్క వేసుకోవాలి. ఆ లెక్క వేళ్ల మీద ముగిసిపోతే, ఆ కొద్ది రోజులకు అద్దె బండి మాట్లాడుకుని, ఇరుకు సందుల్లో సులువుగా తిరిగే, ఇంధనం తక్కువ తాగే క్రాసోవర్‌నే తీసుకోవడం మేలు.

మనసు పెద్ద బండి వైపే మొగ్గితే, షోరూములో స్టీరింగ్ ముందు కాకుండా మూడో వరుసలో పది నిమిషాలు కూర్చోవాలి. చాలా బండ్లలో అక్కడ నేల ఎత్తుగానూ సీటు దానికి దగ్గరగానూ ఉండటం వల్ల మోకాళ్లు పైకి లేచి, తొడలకు ఆసరా దొరకదు. పొడవైనవారికి దూరప్రయాణం నరకమే. రెండో వరుసలో పిల్లల సీటు బిగించి ఉండగా వెనక్కి వెళ్లే దారి మిగులుతుందో లేదో, సైడ్ కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (ప్రమాదంలో పక్క కిటికీల మీదుగా తెరలా విచ్చుకుని తలను కాపాడే గాలి సంచులు) చివరి వరుస దాకా ఉన్నాయో లేదో కూడా అక్కడే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది డిక్కీ. ఏడుగురు ఎక్కిన రోజునే సామాను ఎక్కువ, చోటు తక్కువ. అందుకని ఇంట్లోని పెద్ద సూట్‌కేసును వెంట తీసుకెళ్లి, మూడో వరుసను నిలబెట్టి ఉంచి, డిక్కీ తలుపు మూసుకుంటుందో లేదో చూడాలి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి.