‘తిరస్కరించు’ నొక్కినా ట్రాకింగ్ కుకీలు ఎందుకు పడుతున్నాయి?

ముందు ఇన్‌కాగ్నిటో విండోలో మీ సైటు తెరవండి. కుకీలకు సమ్మతి అడిగే నోటీసులో ఏ బటనూ నొక్కకుండా డెవలపర్ టూల్స్‌లో కుకీల జాబితా చూడండి. ఎన్నిసార్లు చెప్పినా చాలామంది ఈ ఒక్క పనీ చేయరు. ఎప్పుడో తామే ‘అంగీకరిస్తున్నాను’ నొక్కిన బ్రౌజర్‌లో చూసి కంగారుపడతారు.

ఏమీ నొక్కకముందే అనలిటిక్స్ కుకీ ఉంది

ఆ కుకీని పెట్టే స్క్రిప్టు నేరుగా పేజీ హెడర్‌లో కూర్చుంది. నోటీసు పైపై తెర మాత్రమే. పేజీ సోర్సులో ఆ స్క్రిప్టు కోసం వెతకండి. ట్యాగ్ మేనేజర్‌లో (ఇలాంటి స్క్రిప్టులను ఒకేచోట నడిపే సాధనం) ఒకటి, పాత థీమ్‌లో ఇంకొకటి దొరకడం మామూలే. థీమ్‌లోది తీసేయండి, ట్యాగ్ మేనేజర్‌లోదాన్ని సమ్మతికి ముడిపెట్టండి. ముందే టిక్ పెట్టిన గడి కూడా సమ్మతి కాదని ఐరోపా న్యాయస్థానం 2019లోనే తేల్చింది. ఇక్కడ మనిషి అసలు ఏమీ నొక్కనే లేదు!

మీకు సరిగ్గానే ఉంది, కొందరికి మాత్రం కుకీలు పడుతున్నాయి

ఇది నన్ను మూడు రోజులు తిప్పింది. సందర్శకుల ఎంపికను గుర్తుంచుకునే సమ్మతి కుకీని చూసి, స్క్రిప్టు పెట్టాలో వద్దో సర్వరే నిర్ణయించేది. కోడ్‌లో తప్పు లేదు. కానీ సర్వర్ ముందు పేజీ కాష్ ఉంది, అంటే ఒకసారి తయారైన పేజీని దాచుకుని తర్వాతివారికీ అదే ఇచ్చేది. కాష్ ఖాళీ అయ్యాక మొదట వచ్చినవారు అంగీకరించినవారైతే, స్క్రిప్టుతో ఉన్న పేజీయే అందులో నిలిచిపోతుంది. తర్వాత వద్దన్నవారికీ అదే వెళుతుంది. అడ్మిన్‌గా లాగిన్ అయి పరీక్షిస్తే కాష్ పక్కకు తప్పుకుంటుంది కాబట్టి మీకు కనిపించదు.

లాగవుట్ అయి, పేజీతోపాటు వచ్చే రెస్పాన్స్ హెడర్లలో ‘ఏజ్’ (Age) చూడండి. అక్కడ 840 లాంటి సంఖ్య ఉంటే ఆ పేజీ 840 సెకన్ల క్రితం ఇంకెవరికోసమో తయారైనది. నిర్ణయాన్ని సర్వర్ నుంచి తీసేయండి. అందరికీ ఒకే పేజీ పంపి, సమ్మతి కుకీని బ్రౌజర్‌లోనే చదివి, ఆ తర్వాతే స్క్రిప్టును లోడ్ చేయండి. పాత కాష్ మొత్తం తుడిచేయడం మరవకండి. నేను మరిచి ఇంకో పూట పోగొట్టుకున్నాను.

సమ్మతి వెనక్కి తీసుకున్నా పాతవి పోలేదు

స్క్రిప్టును ఆపినంత మాత్రాన పడిన కుకీ చెరిగిపోదు. పెట్టినప్పటి డొమైన్, పాత్ అలాగే ఇచ్చి గడువు తీర్చేయండి.

సఫారీలో వారం తిరిగేసరికి నోటీసు మళ్లీ వస్తోంది

జావాస్క్రిప్టుతో రాసిన కుకీని సఫారీ 7 రోజులకు మించి ఉంచదు. సమ్మతి కుకీని సర్వర్ నుంచి పెట్టండి.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల గొడవలు అరుదు. ఇవన్నీ చూశాకే అటు వెళ్లండి.