బైపాస్ తర్వాత థైరాయిడ్ మాత్ర పనిచేయక నేను పడ్డ తిప్పలు

గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి చేసే పొట్ట ఆపరేషన్) అయిన ఆరు నెలలకి నా టీఎస్‌హెచ్ 11కి చేరింది. ఇది థైరాయిడ్ రక్తపరీక్షలో వచ్చే అంకె, ఎక్కువుంటే మందు చాలట్లేదని అర్థం. మాత్ర ఒక్కరోజూ మానలేదు, అయినా ఒకటే నీరసం. డోసు పెంచారు, కంపెనీ మార్చాను, మాత్ర నూరుకుని కూడా మింగాను, లాభం లేదు.

చివరికి డైటీషియన్ నా మాత్రల డబ్బా చూసి పట్టుకున్నారు. మర్చిపోతానేమోనని థైరాయిడ్, ఐరన్, కాల్షియం అన్నీ పొద్దున్నే కలిపి వేసుకునేదాన్ని, వెంటనే కాఫీ! ఐరన్, కాల్షియం ఉంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదట. కనీసం నాలుగు గంటల ఎడం కావాలి.

డాక్టరుగారిని అడిగి ఇలా మార్చాను. 5:30కి థైరాయిడ్ మాత్ర, ఉత్త మంచినీళ్లతో. తర్వాత గంటసేపు కాఫీ లేదు, నాకు అసలు కష్టం ఇదే. 10:30కి కాల్షియం సిట్రేట్. మధ్యాహ్నం 1:30కి ఐరన్. కాల్షియంతో అదీ పడదు, రెండు గంటలైనా ఆగాలి. రాత్రి ఇంకో కాల్షియం. ఫోన్లో నాలుగు అలారాలు పెట్టుకున్నాను, ఇంట్లో అందరికీ విసుగు.

ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ 3.8. పెంచిన డోసు కూడా కొంత పనిచేసి ఉండొచ్చు, మొత్తం టైమింగ్ వల్లేనని ఒట్టేసి చెప్పలేను. బీపీ, షుగర్ మాత్రల సంగతి వేరు; బరువు తగ్గేకొద్దీ వాటి డోసే తగ్గించాల్సి రావచ్చు, అది డాక్టరే చూడాలి.