పాలలో విటమిన్లు కలపడాన్ని అదుపులో ఉంచే విధానం

పాలలో విటమిన్ డి కలపడం చాలా స్వల్ప పరిమాణాలతో జరిగే పని. లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలనుకుంటే 10,000 లీటర్ల పాలకు 40 లక్షల యూనిట్లు కావాలి. మిల్లీలీటరుకు లక్ష యూనిట్లున్న ద్రావణమైతే 40 మిల్లీలీటర్లతో సరిపోతుంది. ఆ కొద్ది ద్రావణం రెండుసార్లు పడినా, అసలు పడకపోయినా పాల రంగు, రుచి ఏమీ చెప్పవు. అందుకే ఇక్కడ అదుపు అంతా కొలతలోనూ, రాతలోనూ ఉండాలి.

అజాగ్రత్త ఎంత దూరం వెళ్తుందో అమెరికాలో బయటపడింది. ఒక స్థానిక డెయిరీ పాలు తాగిన ఎనిమిది మంది విటమిన్ డి మోతాదు మించడం వల్ల అస్వస్థులయ్యారని 1992లో వైద్యులు ప్రకటించారు. క్వార్టుకు (దాదాపు ఒక లీటరుకు) 400 యూనిట్లు ఉండవలసిన పాల నమూనాల్లో ఒకదానిలో 2,32,000 యూనిట్లకు పైగా ఉండగా, మరికొన్నింటిలో విటమిన్ జాడే లేదు. ఈ రెండు తప్పులూ ఒకే డెయిరీలో జరిగాయన్నది గమనించవలసిన సంగతి.

నిబంధన రాసేవారు కనిష్ఠ పరిమితితో ఆగకుండా గరిష్ఠ పరిమితిని కూడా నిర్ణయించాలి. కలిపే పోషకం ఇతర ఆహారాల నుంచి అందేదానితో కలిసి అతిగా మారకూడదు, నామమాత్రంగా మిగలకూడదు అన్నదే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ సూత్రం కూడా. లేబుల్‌పై రాసిన విలువే కనిష్ఠం కావాలి.

ఇక ప్లాంటులో మొదటి నిర్ణయం, ఎక్కడ కలపాలన్నది. విటమిన్ ఏ, విటమిన్ డి రెండూ కొవ్వులో కరిగేవి కనుక, మీగడ వేరు చేయకముందే కలిపితే చాలా భాగం మీగడతోనే వెళ్లిపోతుంది. కొవ్వు శాతాన్ని సరిచేసిన తరువాత, కొవ్వు కణాలను చిన్నవిగా విడగొట్టి పాలంతా కలిపే హోమోజినైజర్‌కు ముందు కలిపితే విటమిన్ పాలంతటా సమానంగా వ్యాపిస్తుంది. వెన్న తీసిన పాలకు నీటిలో కలిసిపోయే రకం ద్రావణం వాడడం మేలు.

పంపుతో కలిపేచోట ఒక లోపం తరచుగా కంటపడకుండా పోతుంది. తగినంత వేడెక్కని పాలను పాశ్చరైజర్ (పాలను వేడిచేసి సూక్ష్మజీవులను చంపే యంత్రం) వెనక్కి మళ్లించినప్పుడు విటమిన్ పంపు ఆగకపోతే, అవే పాలలో మళ్లీ మళ్లీ విటమిన్ పడుతూనే ఉంటుంది. పాలు వెనక్కి మళ్లిన క్షణమే పంపు కూడా ఆగేలా రెండింటినీ అనుసంధానించాలి. ఆ ఏర్పాటు నిజంగా పనిచేస్తోందో లేదో ఎదుట నిలబడి పరీక్షించాలి. పంపు నిమిషానికి ఎంత వదులుతోందో కొలజాడీలో పట్టి, గడియారం చూసి సరిచూడడం కూడా క్రమం తప్పకూడదు, ఎందుకంటే గొట్టాలు అరిగేకొద్దీ ఆ లెక్క మారిపోతుంది.

అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి రోజువారీ సరిపోల్చడం. ఉదయం సీసాలో ఉన్న ద్రావణం, సాయంత్రం మిగిలినది, ఆ రోజు ప్యాకింగుకు వెళ్లిన పాలు, ఈ మూడింటినీ ఒకే పుస్తకంలో పక్కపక్కన రాసి, వాడవలసినదానికీ వాడినదానికీ తేడా తీయాలి. ల్యాబ్ ఫలితం వచ్చేసరికి పాలు ఇళ్లకు చేరిపోతాయి. ఈ లెక్క మాత్రం అదే రోజు సాయంత్రం తప్పును పట్టిస్తుంది. తనిఖీ అధికారి కూడా ముందుగా ఈ పుస్తకాన్నే అడగాలని నా గట్టి అభిప్రాయం. దానిని విటమిన్ కొనుగోలు బిల్లులతో సరిచూస్తే కల్పిత అంకెలు నిలవవు.

ల్యాబ్ పరీక్ష అవసరమే, కానీ నమూనా తీసే తీరు సరిగా ఉండాలి. వెలుతురు తగిలితే విటమిన్ ఏ నశిస్తుంది కనుక నమూనాను తుది ప్యాకెట్‌తోనే, చల్లగా, చీకటిలో పంపాలి. ద్రావణాన్ని సైతం తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతలో ఉంచి, గడువు ముగిసినదాన్ని పక్కన పెట్టేయాలి.

లెక్క గరిష్ఠ పరిమితిని దాటినట్లు తేలితే, ఆ బ్యాచ్‌ను మామూలు పాలతో పలుచన చేసి సర్దుకోవాలని చూడకుండా వెంటనే నిలిపివేసి, బయటికి వెళ్లిన ప్యాకెట్లను వెనక్కి రప్పించి, నియంత్రణ సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి.