మన ఎండల్లో ట్యాబు బ్యాటరీ నాలుగేళ్లు నిలవాలంటే

ట్యాబు కొన్న రెండో వేసవికే చార్జింగ్ సగం పూట కూడా ఆగడం లేదంటే, మాటిమాటికీ చార్జింగ్ పెట్టడం వల్లే అనుకుంటారు చాలామంది. బ్యాటరీని ఎక్కువగా తినేసేవి వేరే రెండున్నాయి: వేడి, నిండు చార్జింగ్. రెండూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. ట్యాబులో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని 25 డిగ్రీల దగ్గర 40 శాతం చార్జింగ్‌తో ఏడాది పక్కన పెడితే సామర్థ్యం సుమారు 96 శాతం మిగులుతుంది. 40 డిగ్రీల్లో 100 శాతంతో పెడితే 65కి పడిపోతుంది. అదే 40 డిగ్రీల్లో 40 శాతంతో ఉంచితే 85 దాకా దక్కుతుంది. నెల్లూరు, ఒంగోలు ఎండల్ని ఎవరూ ఆపలేరు కాబట్టి, మన చేతిలో ఉన్నది రెండో సంగతే.

అందుకే రోజువారీ వాడకంలో 20కి దిగకముందే పెట్టి, 80 దగ్గర తీసెయ్యండి. సామ్‌సంగ్ ట్యాబుల్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాటరీ భాగంలో ‘బ్యాటరీ ప్రొటెక్షన్’ లేదా ‘ప్రొటెక్ట్ బ్యాటరీ’ అని ఉంటే ఆన్ చేయండి. మోడల్‌ని బట్టి 80 దగ్గరో 85 దగ్గరో దానంతటదే ఆగుతుంది. ఐప్యాడ్‌లలో ఈ 80 శాతం హద్దు 2024 నుంచి వచ్చిన కొన్ని మోడళ్లలోనే ఉంది. ఏదీ లేకపోతే ఫోన్‌లో అలారం పెట్టుకోవడమే. పూర్తిగా అయిపోయేదాకా వాడి, తర్వాత నిండా ఎక్కించాలన్నది పాతకాలం నికెల్ బ్యాటరీల అలవాటు, దీనికి పనికిరాదు. ఒకే ఒక్క మినహాయింపు: 15 శాతం చూపిస్తూనే ట్యాబు ఆగిపోతుంటే, ఒకసారి పూర్తిగా దించి, నిండా ఎక్కించండి. అంకె మళ్లీ దారిలో పడవచ్చు. అప్పటికీ అలాగే ఆగిపోతుంటే బ్యాటరీ అరిగిపోయినట్టే.

రోహిణి కార్తెలో చార్జింగ్‌కి మంచి వేళ తెల్లవారుజాము, 5 నుంచి 7 లోపు. మధ్యాహ్నం రేకుల ఇంట్లో అసలు పెట్టొద్దు. ఎంతసేపు పడుతుందో చార్జరు మీదున్న సన్నటి అక్షరాలే చెబుతాయి. ‘ఔట్‌పుట్’ అన్న చోట వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి, రెండూ గుణించండి. 9 వోల్టులు, 1.67 ఆంపియర్లు అయితే 15 వాట్లు. 5 వోల్టులు, 1.55 ఆంపియర్లు అయితే 8 వాట్లు కూడా ఉండదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన ట్యాబులో 5100 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత పట్టుకుంటుందో చెప్పే కొలత) బ్యాటరీ ఉంది. 20 నుంచి 80కి రావడానికి 15 వాట్ల చార్జరుతో గంటన్నర సరిపోతుంది, చిన్నదానితో రెండు రెట్లు పట్టవచ్చు. కంప్యూటర్ పాత యూఎస్‌బీ పోర్టుకి తగిలిస్తే వచ్చేది రెండున్నర వాట్లే. దానితో వీడియో చూస్తూ పెడితే అంకె పెరగకపోగా తగ్గుతుంది కూడా.

చార్జింగ్ పెట్టేముందు రబ్బరు పౌచ్ తీసేయండి. పరుపు మీద, దిండు కింద వద్దు, వేడి బయటికి పోదు. గచ్చు మీదో చెక్క బల్ల మీదో పెట్టండి. వేడెక్కి చార్జింగ్ ఆగిపోయిందంటే అది ట్యాబు తనను తాను కాపాడుకోవడం. చార్జరు మార్చి మార్చి చూడొద్దు, తీసేసి నీడలో అరగంట వదిలేయండి. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. లోపల చెమ్మ పట్టి బోర్డే పోవచ్చు, దానికన్నా బ్యాటరీ పోవడమే మేలు. ఇక మే నెలలో స్కూటీ డిక్కీ, కారు డాష్‌బోర్డు ట్యాబు పెట్టే చోట్లే కావు.

కొత్తపట్నం, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకి ఇంకో బెడద ఉంది, ఉప్పుగాలి. చార్జింగ్ పోర్టులో పీచూ దుమ్మూ చేరి, పైన ఉప్పు చెమ్మ పడితే లోపలి పిన్నులు పచ్చబడతాయి. పిన్ను వదులుగా ఆడుతుంటే కేబుల్‌ని తిట్టేముందు ట్యాబు ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో పోర్టు అంచుల వెంట మెల్లగా గీరి పీచు తీయండి. సూది, పిన్నీసు లోపల పెట్టొద్దు, నోటితో ఊదొద్దు. తడి తగిలిందని హెచ్చరిక వస్తే ఆరేదాకా ఆగాల్సిందే. రొయ్యల చెరువుల దగ్గర షెడ్డులో జనరేటర్ మీద నడిచేటప్పుడు, అది స్టార్టయి నిలకడగా ఆడేదాకా చార్జరు తీసి ఉంచండి. చార్జింగ్‌లో ఉండగా తెర దానంతటదే ఎక్కడెక్కడో నొక్కుకుంటోందంటే తప్పు ముందు నాసిరకం చార్జరు మీదో, చవక ఇన్వర్టర్ మీదో వెయ్యండి.

రోజువారీ ఖర్చులో పెద్ద వాటా తెరదే. వెలుగు సగానికి తగ్గిస్తే తేడా తెలుస్తుంది. చవక ట్యాబుల్లో ఉండేది ఎల్‌సీడీ తెర, నలుపు చూపినా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి నల్ల థీమ్ పెట్టినా దాదాపు ఏమీ మిగలదు, అది ఓలెడ్ తెరలకి పనిచేసే చిట్కా. సిమ్ ట్యాబు అయితే, సిగ్నల్ సరిగా అందని నల్లమల అంచు ఊళ్లలో టవర్ వెతుక్కుంటూనే చార్జింగ్ తినేస్తుంది. పాఠాలు వైఫై ఉన్నచోట దించుకుని, చూసేటప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

ట్యాబులు పాడయ్యేది వాడకంలోనే కాదు, వేసవి సెలవుల్లో కూడా. ఏప్రిల్ చివర్లో బీరువాలో పడేస్తే జూన్ దాకా ఎవరూ తీయరు. నిండుగా పెడితే ఆ వేడికి సామర్థ్యం జారుతుంది. ఖాళీగా పెడితే ఇంకా దిగి, రక్షణ సర్క్యూట్ బ్యాటరీని ఆపేసి, స్కూలు తెరిచిన రోజు ఆన్ అవ్వదు. 50 శాతం ఉంచి, ఆఫ్ చేసి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో కింది అరలో పెట్టండి. మే మధ్యలో ఒకసారి చూసి, 30 కిందకి దిగితే మళ్లీ 50కి తెండి. ఇప్పటికే చచ్చిపడి ఉంటే సరైన చార్జరుకి అరగంట వదిలేయండి, తెర వెలగలేదని వెంటనే తీయొద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు 80 శాతం నియమం పక్కన పెట్టి 100 ఎక్కించుకోండి. ఒకటి రెండు రోజులకి ఏమీ కాదు. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, మార్పిడిలో పోయేది పోగా, 5100 ఎంఏహెచ్ ట్యాబుని ఒకటిన్నర సార్లకి మించి నింపదు. లెక్క వేసుకుని వాడుకోండి.

చివరగా ఉబ్బు. ట్యాబుని బల్ల మీద బోర్లా పెట్టి ఒక మూల వేలితో నొక్కండి. నడుమ లేచి ఊగుతున్నా, తెర అంచున సందు కనిపిస్తున్నా, బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఆ క్షణం నుంచి చార్జింగ్ వద్దు, తెరని లోపలికి నొక్కొద్దు, గుచ్చొద్దు. ఆఫ్ చేసి, కాలే వస్తువులకి దూరంగా ఇసుక పోసిన ఇనప బకెట్‌లో ఉంచి, సర్వీస్ సెంటర్‌కి చేర్చండి. వెనక మూత గట్టిగా బిగిసి ఉంటుంది, ఇంట్లో విప్పబోతే తెర రిబ్బన్ వైరు తెగవచ్చు. కొత్తది వేయించేటప్పుడు మీ ట్యాబు మోడల్ నంబరుకీ, పాత బ్యాటరీ మీద ముద్రించిన నంబరుకీ సరిపోయేదే అడగండి. పాతది చెత్తబండిలో వెయ్యకుండా అక్కడే ఇచ్చెయ్యండి.